ఒకే తీగకు

మా నాయన పోయినాక ఇల్లు నా వంతుకొచ్చింది. ఇంటితోపాటు వంటింటి గోడకు వేలాడే ఇనప తీగ కూడా వచ్చింది. కింద గుండ్రటి చెక్క బిళ్ళ, పైన కొక్కెంలా వంచిన మొన. పాత దుకాణాల్లో బిల్లులు గుచ్చిపెట్టుకునేవాళ్ళే, అలాంటిది. ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితమూ ముందు ఆ తీగకెక్కేది: కరెంటు బిల్లు, ఎరువుల కొట్టు చీటీ, సొసైటీలో బాకీ కట్టిన రసీదు, మందుల షాపు బిల్లు. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు నాయన తీగను దించి, కాగితాలన్నీ ఊడదీసి నేల మీద పరుచుకుని కూర్చునేవాడు. పని తీరినవి భోగిమంటలోకి పోయేవి. రెండు రకాలవి మాత్రం తారీఖుల వరసన మళ్ళీ తీగకెక్కేవి. ఒకటి పంచాయతీ వాళ్ళిచ్చే ఇంటి పన్ను రసీదు. రెండోది గంగమ్మ జాతరకు చందా ఇచ్చినప్పుడు రాసిచ్చే చీటీ.

"కరెంటు బిల్లు మంటలో ఏస్తావు, ఇవెందుకు నాయనా దాస్తావు?" అని ఒకసారి అడిగాను.

"కరెంటు వాడుకున్నాం, కట్టినాం, సరిపోయింది. ఇవి సరిపోయే బాకీలు కావబ్బయ్యా. ఊరుండేదాకా ఉండేవి" అన్నాడు.

ఆ వయసులో నాకది అర్థం కాలేదు. ఈ నడుమ ఒక మధ్యాహ్నం తీగను కిందికి దించి, అడుగు నుంచి పైదాకా ఒక్కొక్క కాగితమే చదివాను.

అడుగున ఉన్న పన్ను రసీదుల మీద సూళ్లూరుపేట తాలూకా, నెల్లూరు జిల్లా అని ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక, తాలూకా పేరున్న చోట తడ మండలం వచ్చి కూర్చుంది. 2008 తర్వాతివి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 తర్వాతివి తిరుపతి జిల్లా. తీగకు ఎక్కకముందు సంగతి మా తాత చెప్పేవాడు. ఆయన పుట్టేనాటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమైంది, మరో మూడేళ్ళకు ఆంధ్రప్రదేశ్ అయింది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు అమలై 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు వైపు పోయి, సత్యవేడు ఇటు వచ్చినప్పుడు, మన గీత ఎక్కడ పడుతుందోనని మా ఊళ్ళో వాళ్ళూ చెవులు రిక్కించి ఉన్నారట. ఇన్ని మారినా ఇల్లు కదల్లేదు, బావి కదల్లేదు. ప్రతి రసీదు మీదా మారకుండా ఉన్న ముక్క ఒక్కటే కనిపించింది: తడ గ్రామ పంచాయతీ.

మద్రాసు నుంచి వచ్చే లోకల్ బండి ఆరంబాకం దాటగానే వచ్చే మొదటి తెలుగు స్టేషను మాది. అందుకే కాబోలు, మా ఊరి చూపెప్పుడూ బయటికే. కూలీ, జీతం కోసం దక్షిణాన గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల వైపు చూస్తాం, పడమర శ్రీసిటీ వైపు, పక్కనే మాంబట్టు సెజ్ వైపు చూస్తాం. పెద్ద జబ్బు చేస్తే మద్రాసు. రిజిస్ట్రేషనుకు సూళ్లూరుపేట. కలెక్టరు దగ్గరికి నిన్నటిదాకా నెల్లూరు, ఇప్పుడు తిరుపతి. మాటలో నెల్లూరు యాస, మధ్యమధ్య అరవం. రాకెట్టు పోయే రోజు మిద్దెలెక్కి శ్రీహరికోట వైపు చూస్తాం. ఆఖరికి మా పేరుతో ఊరూరా తెలిసిన జలపాతం కూడా మా ఊళ్ళో లేదు. తడ ఫాల్స్ అని కుర్రాళ్ళు పిలుచుకునే ఆ ఉబ్బలమడుగు వరదయ్యపాళెం అవతల కొండల్లో ఉంది. ఇన్ని దిక్కుల్లో, చెప్పులేసుకుని నడిచిపోయి చేరగలిగిన సర్కారు ఒక్క పంచాయతీ ఆఫీసే.

దానివైపు నేను ముప్ఫై ఏళ్ళు చూడలేదు. తెల్లారగట్ట బండికి పోయేవాణ్ణి, రాత్రి బండికి దిగేవాణ్ణి. ఊరు నాకు పడుకునే చోటు. పన్ను నాయన కట్టేవాడు, జాతర చందా నాయన ఇచ్చేవాడు. ఊరితో నా తరఫున ఉన్న సంబంధమంతా ఆయనే నడిపాడని తీగ చదివిన రోజు తెలిసింది.

పన్ను రసీదును ఎవరూ చదవరు. మొత్తం ఎంతో చూసి మడిచి జేబులో పెట్టుకుంటాం, ఇప్పుడైతే ఫోనులో మెసేజీ చూసి వదిలేస్తాం. నిదానంగా చదివితే అందులో ఇంటి పన్ను కింద చిన్న చిన్న వరసలుంటాయి. వాటిలో నన్ను ఆపింది గ్రంథాలయ పన్ను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇది పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కట్టాలి. మా నాయన మూడో తరగతితో బడి మానేసినవాడు. గ్రంథాలయం మెట్టు ఎక్కిన మనిషి కాదు. అయినా ఏటా ఎవరో చదువుకునే పుస్తకానికి ఆయన డబ్బు కట్టాడు. ఆయనకు ఆ సంగతి తెలుసో తెలియదో. తెలిస్తే సంతోషపడేవాడు, ఎందుకంటే పేపరు చదివి చెప్పేవాళ్ళు దొరికితే పక్కన కూర్చుని పూర్తిగా వినేవాడు.

మా కళ్ళెదుట పులికాట్ సరస్సు ఉంది. పాత తెలుగువాళ్ళు ప్రళయ కావేరి అనేవాళ్ళు. స.వెం.రమేశ్ ఆ పేరుతోనే ఈ దీవుల బతుకును కథలుగా రాశారు. భీమునివారిపాళెం రేవులో పడవెక్కితే ఇరకం దీవి. అక్కడి వాళ్ళకు రేషను బస్తా, ఆస్పత్రి, పెళ్ళి సామాను అన్నీ నీళ్ళ మీదే. ఆ పడవలు చూసినప్పుడల్లా 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద నడిపిన గ్రంథాలయం గుర్తొస్తుంది. రోడ్డు లేని ఊళ్ళకు పుస్తకం ఎలా చేరుతుందని ఆయన అడిగాడు, నీళ్ళున్నాయి కదా అని తానే జవాబు చెప్పుకున్నాడు. మన 8 పైసల వెనక అలాంటి మనుషులు కన్న కల ఒకటి ఉంది. దాన్ని కడుతున్నామన్న సంగతే మనకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. తెలిస్తే కదా, ఆ పుస్తకాలేవీ, ఆ పడవేదీ అని అడిగేది.

ఇక జాతర చీటీలు. వీటిలో చట్టం లేదు, సెక్షన్లు లేవు. పసుపు అంటిన వేలిముద్రలున్నాయి. కొన్నిటి మీద 'నూట పదహార్లు' అని అక్షరాల్లో రాసి ఉంది, ఒక ఏడాది చీటీ మీద డబ్బుకు బదులు 'వడ్లు' అని ఉంది. మా వైపు ఇప్పటికీ పెద్ద రైతులు పంట చెప్పాలంటే పుట్లలోనే చెబుతారు, నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఆ ఏడు చేతిలో డబ్బాడక వడ్లు కొలిచి ఇచ్చుంటాడు.

జాతర చందా ఎలా జరుగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. చాటింపు వేసిన రోజు నుంచి నలుగురైదుగురు పుస్తకం పట్టుకుని గడప గడపకూ వస్తారు. లేనివాడు కూడా ఎంతో కొంత ఇస్తాడు, ఇవ్వకపోతే తన పేరు పుస్తకంలో లేదన్న వెలితి. సాయంత్రం మైకులో ప్రతి పేరూ, ప్రతి రూపాయీ చదువుతారు. జాతర అయిన మూడో రోజో నాలుగో రోజో వేపచెట్టు కింద లెక్క చెబుతారు. అసలు జాతర అదేనని నాకనిపిస్తుంది. పందిరికెంత, మేళానికెంత, మైకు సెట్టుకెంత, సీరియల్ లైట్లకెంత. "పోయినేడు మేళానికి ఇచ్చిందేమి, ఈ యేడు ఇచ్చిందేమి?" అని ఒకరు లేస్తారు. "కొబ్బరాకులు మా తోటలోవి ఊరికే ఇచ్చినామే, వాటికి డబ్బెందుకు పడింది?" అని ఇంకొకరు. కేకలవుతాయి, కండువాలు దులుపుకుని లేచిపోవడాలవుతాయి, ఎవరో చేయి పట్టి కూర్చోబెడతారు. మిగులు ఎంతో తేల్చి, అది ఎవరి దగ్గర ఉండాలో పదిమంది ముందు ఒప్పుకున్నాకనే దుప్పటి దులుపుతారు. అంత తగవులాడినవాళ్ళూ మరుసటేడు మళ్ళీ కలిసే పుస్తకం పట్టుకుని వస్తారు.

ఇదే మనుషులు, ఇదే వీధి. ఏడాదికి జాతర చందాకంటే ఎక్కువే పంచాయతీకి కడతారు. దాని లెక్క ఎవరూ అడగరు. జాతర డబ్బు మాది అనుకుంటాం, పన్ను డబ్బు చెయ్యి దాటిన క్షణం నుంచి సర్కారుది అనుకుంటాం. మా నాయన తీగ మీద మాత్రం ఈ రెండు కాగితాల మధ్య గోడ లేదు. ఒక పన్ను రసీదు, ఒక జాతర చీటీ, మళ్ళీ పన్ను రసీదు.

పంచాయతీ డబ్బు ఊరిది కాదనుకోవడానికి చట్టంలో ఏ ఆధారమూ లేదు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, మరుసటేడు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ. ఎన్నికైనవాళ్ళు పంచాయతీ, మిగిలిన అందరితో కలిసి గ్రామసభ. ఏడాది జమాఖర్చులూ, ఆడిట్ రిపోర్టూ, వచ్చే సంవత్సరపు పనులూ, కొత్త పన్నుల ప్రతిపాదనలూ ఈ సభ ముందుకు రావాలి. అంటే వేపచెట్టు కింద కూర్చుని మేం చేసే పనినే చట్టం కూడా చెయ్యమంటోంది.

పైగా ఆ చిన్న పన్నుకు ఒక బలముంది. ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు ఎక్కువే, కానీ షరతులతో వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 మధ్య గ్రామాలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండాలన్నది షరతు. అవి అవసరమైనవే, కాదనను. అయితే మా వీధి చివర చెట్టు కింద అరుగు కట్టుకోవాలా, బడి దారిలో రెండు దీపాలు ఎక్కువ వేసుకోవాలా అని ఊరు తన ఇష్టంతో తేల్చుకోవాలంటే, ఊరు తానే వసూలు చేసుకున్న డబ్బు చేతిలో ఉండాలి. జాతరకు ఎలాంటి మేళం పెట్టుకోవాలో మమ్మల్ని ఎవరూ శాసించరు. కారణం, చందా మాది.

లెక్క అడగడం కొత్త సంగతి కూడా కాదు ఈ నేలకు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరు గుడి గోడల మీద పరాంతక చోళుడి నాటి శాసనాలున్నాయి, క్రీ.శ. 919, 921 నాటివి. తొండైమండలమని పిలిచిన పాత నాట్లో మా వైపు పల్లెలూ ఉండేవి కాబట్టి వాటిని పరాయివి అనుకోను. వార్డువారీగా పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, చిన్నపిల్లవాడి చేత తీయించి సభ్యుల్ని ఎంచుకునేవారు. అందులో నన్ను పట్టుకున్న నియమం వేరే ఉంది. ఇదివరకు సభ్యుడిగా ఉండి లెక్క అప్పజెప్పనివాడి పేరు కుండలో వేయకూడదు. వాడిదే కాదు, వాడి దగ్గరి బంధువులది కూడా. వెయ్యేళ్ళ కిందట రాతి మీద ఉలితో చెక్కిన మాట అది.

ఆ గోడ మీద ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని దాచి మొదటిదాన్ని పొగడకూడదు. కుండలో పేరు పడాలంటే సొంత భూమి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదం చదివుండాలి. భూమి లేనివాడి పేరు, ఆడమనిషి పేరు ఆ కుండలో ఎన్నడూ పడలేదు. పులికాట్ దక్షిణపు ఒడ్డున పట్టపువాళ్ళ కుప్పాల్లో 'పాడు' అనే కట్టుబాటు ఉంది. సరస్సులో రొయ్య బాగా పడే చోట్లను చీట్లు వేసి, వంతులవారీగా కుటుంబాలకు పంచుకుంటారు. మంచి చోటు ఒకడి చేతిలోనే ఉండిపోకుండా తిప్పే ఆ పద్ధతిని చూసి చదువుకున్నవాళ్ళెందరో అబ్బురపడి రాశారు. కానీ ఆ వంతు ఒక కులంలోని మగవాళ్ళదే. పక్కనే వల వేసే ఇతర కులాలవాళ్ళకు అందులో చోటుండదు, అందుకే తగాదాలు కోర్టుల దాకా వెళ్ళాయి. మా వైపు చెరువుల సంగతీ అంతే. కుడి మరామత్తు పేరుతో ఆయకట్టు రైతులందరూ పూడిక తీయడం, కట్ట పోయడం గొప్ప సంగతే. 1858లో వచ్చిన మద్రాసు చట్టం అత్యవసరాల్లో చెరువు, కాలువ పనులకు రావడం తప్పనిసరి చేసింది. మడికి నీళ్ళు పెట్టే నీరుగంటికి పంటలో మేర ఉండేది కానీ, చెరువు మీద నిర్ణయం చేసేచోట అతని మాటకు విలువుండేది కాదు.

కొత్త చట్టం వీటికన్నా ఎక్కడ మెరుగో ఇక్కడే చూస్తాను. జాబితాలో పేరుంటే చాలు, భూమి అడగదు, కులం అడగదు. దళితులకు, గిరిజనులకు, వెనుకబడిన కులాలకు సీట్లు కేటాయించింది. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్ళవి. వేపచెట్టు కింది లెక్కలో మా చిన్నప్పుడు ఆడవాళ్ళు దూరంగా నిలబడి వినేవాళ్ళు. గ్రామసభలో వాళ్ళకు కుర్చీ ఉంది. చెట్టుకింది కూటానికున్న వేడి, చట్టం ఇచ్చిన ఈ వెడల్పు, రెండూ ఒకచోట కలిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తుంటాను.

ఏకగ్రీవం గురించి ఒక మాట. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరాక 2021 ఫిబ్రవరి దాకా రాష్ట్రమంతటా ఎన్నికల్లేవు, ప్రత్యేక అధికారులే నడిపారు. ఆ తర్వాత ఎన్నికలొచ్చినప్పుడు, పోటీ లేకుండా ఎన్నుకున్న ఊళ్ళకు ప్రభుత్వం నజరానా ఇస్తుందన్నారు. ఊళ్ళో పగలు రేగకూడదన్న ఆశ మంచిదే. ఉంగరం గుర్తుకు వేసినవాడూ కత్తెర గుర్తుకు వేసినవాడూ ఐదేళ్ళు మాట్లాడుకోకపోవడం నేనూ చూశాను. అయినా నాకు ఏకగ్రీవమంటే భయమే. జాతర లెక్కలో కేకలేసుకున్నవాళ్ళు విడిపోలేదు. ఎవరూ లేచి అడగని ఏడు మాత్రం, మా నాయన ఇంటికొచ్చి, "ఈ యేడు ఎవురూ ఏం అడగలా. ఏందో బాగలేదు" అన్నాడు. ఆ మాటలోని దిగులు నాకిప్పుడు తెలుస్తోంది.

నేను మొదటిసారి గ్రామసభకు పోయింది 2024 ఆగస్టు 23న. ఆ రోజు రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేసారి సభలు పెట్టారు, ఉపాధి హామీ పనులు సభలోనే ఆమోదించాలని. ఉద్యోగం మానేసి అప్పటికి ఏడాది కాలేదు. నా జేబులో ఒక కాగితం ఉంది. మా వీధి కాలువ గురించి రాత్రి కూర్చుని రాసుకున్నాను. అంతకు ముందేటి డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానకు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలబడ్డాయి. ఇంట్లో కింది గూటిలో ఉన్న పాత ఫొటోలు పోయాయి. ఆ కోపమంతా ఆ కాగితంలో ఉంది.

నా వంతు వచ్చింది. లేచి చదివాను. గొంతు వణికింది, ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊళ్ళో పదిమంది ముందు నోరు తెరవలేదు కదా. కాలువ పారడం లేదు, నీళ్ళు పోయే దారి లేదు, పట్టించుకోవాలి అన్నాను. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. చేపల గంప తెచ్చే ఆమె, మా వీధికి రోజూ వస్తుంది.

"కాలవ యాడుండాదబ్బయ్యా?" అంది. "నేను రోజూ నడిచేదాన్ని. ఒకో ఇంటి ముందర ఒకో మెట్టు, ఒకో బండ. కాలవ కనిపించేది మీ ఇంటికాడ ఒక జానెడు, అవతలింటికాడ ఒక జానెడు. మీ నాయనుండేప్పుడు ఆ మెట్టు లేదే. బండి ఎక్కియ్యాలని నువ్వు కట్టించినావు."

ఎవరూ నవ్వలేదు. ఆమె కోపంగానూ అనలేదు. గంప దించుకునే చోటు అదే కాబట్టి ఆమెకు తెలుసు, అంతే. నేను కూర్చున్నాను. ఆమె మాట నిజం. మోటారు సైకిలు లోపలికి ఎక్కించుకోవడానికి కాలువ మీద సిమెంటు వాలు పోయించింది నేనే. నన్ను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఆ పక్కవాళ్ళు. ఫొటోలు నేనే తడుపుకున్నాను.

ఆ తర్వాత ఆమె తన మాట కూడా అడిగింది. రేవు వైపు పోయే దారి మలుపులో దీపం వేస్తే తెల్లారగట్ట గంపలెత్తుకొచ్చే ఆడవాళ్ళకు బాగుంటుందని. రాసుకున్నారు. ఆమె కూర్చోలేదు. "రాసుకున్నారు కదా, చదవండి నాయనా ఒకసారి" అంది. చదివారు. అప్పుడు కూర్చుంది. జాతర మైకులో పేర్లు చదివించుకునే అలవాటు అక్కడిదాకా వచ్చిందని నాకు తోచింది.

వినాయక చవితి వెళ్ళాక మా వీధిలో నలుగురం కూడి మెట్లు పగలగొట్టించాం. అందరూ ఒప్పుకోలేదు. రెండిళ్ళవాళ్ళు ఇప్పటికీ మాతో ముభావంగానే ఉన్నారు, వాళ్ళ బండలు అలాగే ఉన్నాయి. కాలువ మీద తీసి పెట్టుకునే ఇనప జల్లెడ పలక ఒకటి చేయించుకున్నాను, బండి దాని మీదే ఎక్కుతుంది. కార్తీకంలో వాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని వీధిలోకి వచ్చి చూశాను. ఆ రెండిళ్ళ దగ్గర నీళ్ళు తడబడి, పొంగి, వీధికెక్కి, మళ్ళీ దిగి పారుతున్నాయి. నిరుటి మీద చాలా నయం.

ఇంకో సంగతి ఉంది, దానికి నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళలో మా ఊరు ఉబ్బింది. హైవే పక్క భూములు ఎకరాల లెక్క పోయి అంకణాల లెక్కకొచ్చాయి. వేరుశనగ వేసిన చోట అద్దె గదుల వరసలు లేచాయి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటున్నారు, తెల్లారగానే ఫ్యాక్టరీ బస్సులెక్కుతారు. ఒకప్పటి నాలాగే, ఊరు వాళ్ళకు పడుకునే చోటు. ఊళ్ళోని కొళాయి నీళ్ళు, చెత్త బండి, వీధి దీపం వాళ్ళూ వాడుకుంటారు. గది అద్దెలో కలిసి పన్నూ వాళ్ళ చేతిలోంచే పోతుంది, రసీదు మాత్రం ఇంటి యజమాని పేరున వస్తుంది. ఓటు వాళ్ళ ఊళ్ళో ఉంటుంది కాబట్టి గ్రామసభలో వాళ్ళు లేరు. మా తాతల్లో కొందరు ఎక్కడెక్కడినుంచో వచ్చి ఈ సరిహద్దులో నిలబడ్డవాళ్ళే. ఇన్ని గీతలు మారిన చోట, ఎవరు ఈ ఊరివాళ్ళు అన్న ప్రశ్నకు ఓటర్ల జాబితా ఒక్కటే జవాబు చెప్పాలంటే నాకు మనసొప్పడం లేదు.

నా మిద్దె మీద గదిలో అలాంటి కుర్రాడొకడు రెండేళ్ళుగా ఉంటున్నాడు, గంజాం జిల్లావాడు. ఈసారి జాతరకు చందా పుస్తకం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. అతను మెట్లు దిగి వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళతో నా పేరున ఇచ్చే డబ్బు సంగతి సాయంత్రం చూసుకోమని, తన పేరున నూట పదహారు ఇచ్చాడట. తెలుగు రాయడం రాదు, అంకెలు వచ్చు. చీటీ రాసే పిల్లవాడు పేరు రాసుకుని, పక్కన ఎప్పుడూ రాసుకునే వరస ప్రకారం "ఏ ఊరు?" అని అడిగాడట.

సాయంత్రం మైకులో పేర్లు చదువుతున్నారు. నేను వీధిలో నిలబడి వింటున్నాను. అతని పేరు కొంచెం తప్పుగా చదివారు. పేరు పక్కన ఊరు మాత్రం స్పష్టంగానే వినిపించింది, తడ అని. రాత్రి అతను పైకి పోతూ, ఆ చీటీని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదని నాకు చూపించాడు. వంటింట్లోకి తీసుకుపోయి తీగ చూపించాను.